గుర్రం దొంగను కౌంటీ కోర్టు సాయంత్రానికల్లా ఉరి తీసేదా?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతలో ఇది: నవల రాస్తున్నారు, కథాకాలం 1773, చోటు వర్జీనియా పడమటి కొండల్లో ఒక కౌంటీ (మన జిల్లా లాంటిది). పొద్దున గుర్రం దొంగను పట్టుకొస్తారు, మధ్యాహ్నం ఒక జడ్జి, పన్నెండుమంది జ్యూరీ ముందు విచారణ జరుగుతుంది, పొద్దుగూకేలోపు కోర్టు బయట చెట్టుకు వేలాడదీస్తారు. ఇది చరిత్రకు సరిపోతుందా, ఆ జడ్జి ఎవరై ఉంటాడు, లాయరు ఉండేవాడా అని అడిగారు.

సరిపోదండీ. దొంగ స్వతంత్రుడైతే కౌంటీ కోర్టుకు అతన్ని ఉరి తీసే అధికారమే లేదు. ఆ కోర్టు చేసేది ప్రాథమిక విచారణ మాత్రమే, అసలు విచారణ రాజధాని విలియమ్స్‌బర్గ్‌లో. కానీ అదే మనిషి బానిస అయితే, అదే కోర్టు హాల్లో, అదే పెద్దమనుషులు, జ్యూరీ అనేదే లేకుండా ఉరిశిక్ష వేయగలిగేవారు. అంటే కౌంటీ కోర్టే ఉరి వేయడం పూర్తిగా కల్పన కాదు, తప్పు మనిషికి తగిలించారు అంతే. మీ దొంగ ఎవరో ముందు తేల్చుకోండి, మిగతాదంతా దాన్నిబట్టే నడుస్తుంది.

నేను గుంటూరులో కొన్నేళ్లు క్రిమినల్ సైడ్ ప్రాక్టీస్ చేసి ఇక్కడికి, అమెరికాకు, వచ్చాను. ఇప్పుడు వర్జీనియా, కెంటకీ, టెనెసీల పాత కోర్టు పుస్తకాలు చదివి, తమ ముత్తాతల సంగతి తెలుసుకోవాలనుకునే కుటుంబాలకు వెతికిపెడుతుంటాను. ఆ పుస్తకాలను ఆర్డర్ బుక్‌లు అంటారు. కోర్టు గుమాస్తా ఆ రోజు జరిగినదాన్ని రెండు మూడు వాక్యాల్లో రాసి వదిలేస్తాడు. సాక్షి ఏం చెప్పాడు, ముద్దాయి ఏం మొత్తుకున్నాడు, ఇవేవీ ఉండవు. అందుకే వాటిని చదవడానికి ముందు పద్ధతి తెలిసి ఉండాలి, లేకపోతే అర్థం తలకిందులవుతుంది.

ముందు జడ్జి సంగతి. ఒక జడ్జి కాదు, కనీసం నలుగురు జస్టిస్‌లు కూర్చోవాలి. వీళ్లను గవర్నర్ నియమిస్తాడు, జీతం లేదు, లా చదివి ఉండాలన్న నియమమూ లేదు. ఊళ్లో భూమీ పుట్రా ఉన్న ఆసామి, మిల్లు ఓనరు, సర్వే చేసేవాడు, మిలీషియా (ఊరివాళ్ల సాయుధ దళం) కెప్టెన్, ఇలాంటివాళ్లు. రికార్డులో పేరు పక్కన ‘జెంటిల్మన్’ అని గౌరవంగా రాస్తారు. ఒకే మనిషి పొద్దున జస్టిస్‌గా బెంచీ మీద ఉండి, తన సొంత సివిల్ దావా పిలిచేసరికి కిందికి దిగి పార్టీగా నిలబడతాడు, అది అయ్యాక మళ్లీ పైకెక్కుతాడు. గుమాస్తా దాన్ని ‘ఫలానా వారు గైర్హాజరు’, ‘ఫలానా వారు హాజరు’ అని ముక్తసరిగా రాస్తాడు. నాకైతే ఆ ఎక్కడం దిగడం చదువుతుంటే ఇప్పటికీ నవ్వొస్తుంది. కానీ ఆ కాలంలో అది తప్పుగా ఎవరికీ అనిపించలేదు.

ఇక మీ గుర్రం దొంగ. 1773లో వర్జీనియాలో గుర్రం దొంగతనం మరణశిక్ష పడే నేరం. గుర్రం పోగొట్టుకున్నవాడు దగ్గర్లోని జస్టిస్ ఇంటికి వెళ్లి ప్రమాణం చేసి చెబుతాడు, ఆయన వారంటు రాస్తాడు, కానిస్టేబుల్ మనిషిని పట్టుకొస్తాడు. ఆ జస్టిస్ తన ఇంటి వసారాలోనో వంటింట్లోనో కూర్చుని ఇద్దరినీ అడిగి, అనుమానానికి ఆధారం ఉందనిపిస్తే ముద్దాయిని షెరీఫ్‌కు, అంటే కోర్టు ఆర్డర్లు అమలు చేసి జైలు చూసుకునే కౌంటీ అధికారికి, అప్పగిస్తాడు. మామూలు కోర్టు నెలకొకసారే. అంతదాకా ఆగకుండా షెరీఫ్ మిగతా జస్టిస్‌లందరికీ కబురు పెట్టి ప్రత్యేకంగా కోర్టు పిలవాలి, చట్టం ప్రకారం అయిదు రోజులకు తక్కువ కాకుండా, పది రోజులకు మించకుండా. దీన్నే ఎగ్జామినింగ్ కోర్టు అంటారు, రికార్డుల్లో కాల్డ్ కోర్టు అని కూడా కనిపిస్తుంది. అంటే పొద్దున పట్టుకుని మధ్యాహ్నం విచారించడం అనేది అక్కడే కుదరదు.

ఆ రోజు జస్టిస్‌లు సాక్షుల్ని నోటిమాటగా విచారిస్తారు, ముద్దాయిని నీ సంజాయిషీ ఏమిటని అడుగుతారు. జ్యూరీ ఉండదు. చివరికి మూడింట్లో ఒకటి తేలుస్తారు: వదిలేయడం, చిన్న నేరంగా చూసి ఇక్కడే తేల్చడం, లేదా ‘ఇతన్ని జనరల్ కోర్టులో విచారించాలి’ అని రాసి విలియమ్స్‌బర్గ్ పంపడం. మన దగ్గర మేజిస్ట్రేటు పెద్ద నేరానికి పీఆర్‌సీ (ప్రిలిమినరీ రిజిస్టర్ కేసు) నంబరు వేసి, కేసును సెషన్స్ కోర్టుకు కమిట్ చేస్తాడు, అంటే పై కోర్టు విచారణకు పంపుతాడు కదా, దాదాపు అదే. ఇంకా ఖచ్చితంగా చెప్పాలంటే 1973కు ముందు మన పాత క్రిమినల్ ప్రొసీజర్ కోడ్‌లో సాక్షుల్ని కూడా విచారించి కమిట్ చేసే పద్ధతి ఉండేది, దానికి ఇది దగ్గర. రెండూ ఇంగ్లిష్ వాళ్ల జస్టిస్ ఆఫ్ ది పీస్ పద్ధతి నుంచి వచ్చినవే కాబట్టి పోలిక ఉండడం వింతేం కాదు.

ఇక్కడే చాలామంది పొరబడతారు. ఒక కుటుంబం వాళ్లు నా దగ్గరికి వచ్చి, మా పూర్వీకుడు దొంగ అని కోర్టు తేల్చిందట, కాగితం ఉంది అన్నారు. చూస్తే అది ఎగ్జామినింగ్ కోర్టు రాసిన వాక్యం, ‘నేరానికి విచారించదగినవాడు’ అని. అది శిక్ష కాదు, నేరం రుజువైనట్టూ కాదు. ఆ తర్వాత విలియమ్స్‌బర్గ్‌లో ఏమైందో చూడాలి. చూద్దామంటే పెద్ద చిక్కు: జనరల్ కోర్టు రికార్డులు చాలా భాగం 1865 ఏప్రిల్‌లో, సివిల్ వార్ చివరి రోజుల్లో, రిచ్మండ్ తగలబడినప్పుడు బూడిదయ్యాయి. కాబట్టి వందలాది కేసులు కౌంటీ పుస్తకంలో మొదలై గాల్లో ఆగిపోతాయి. అలాంటప్పుడు నేను విలియమ్స్‌బర్గ్ పత్రిక వర్జీనియా గెజెట్ తిరగేస్తాను, కోర్టు ముగిశాక ఎవరికి మరణశిక్ష పడింది, ఎవరి చేతికి వాత పెట్టారు, ఎవరు విడుదలయ్యారు అని అందులో చిన్న పేరాలు పడుతుండేవి. అవీ అన్నిటికీ దొరకవు. ఈ కుటుంబం వాళ్లకు చివరికి అదే చెప్పాను: అతను దొంగ అనడానికీ ఆధారం లేదు, కాదనడానికీ లేదు.

విలియమ్స్‌బర్గ్ పంపడమంటే ఏమిటో మీ నవలకు బాగా పనికొస్తుంది. కొండల అవతల ఉన్న ఆగస్టా కౌంటీ కోర్టు స్టాంటన్‌లో కూర్చునేది. అక్కడి నుంచి రాజధాని 150 మైళ్ల పైమాటే. ముద్దాయిని కాపలాతో, గుర్రాల మీద, బ్లూ రిడ్జ్ కనుమ దాటించి తీసుకెళ్లాలి. జనరల్ కోర్టు ఏప్రిల్, అక్టోబరు నెలల్లో కూర్చునేది, ఇవి కాక జూన్, డిసెంబరుల్లో క్రిమినల్ కేసులకు విడిగా ఇంకో బైఠక్. అంతవరకు విలియమ్స్‌బర్గ్ జైల్లో చలికీ జ్వరానికీ ఓర్చుకుని కూర్చోవాలి, విచారణ దాకా బతకనివాళ్లూ ఉన్నారు. అక్కడ జడ్జీలు గవర్నరు, ఆయన కౌన్సిల్ సభ్యులు, అంటే మొత్తం కాలనీలో అందరికన్నా పెద్ద భూస్వాములు. జ్యూరీ అక్కడ ఉంటుంది. ఉరి పడితే అది కూడా అక్కడే, ఊళ్లోవాళ్ల కళ్లముందు కాదు. మీ కథలో భార్య ఆ చెట్టు కింద ఏడ్చే సీన్ ఉందన్నారు కదా, ఆమెకు వార్త చేరేసరికి వారాలు గడిచిపోతాయి, నన్నడిగితే అదే ఎక్కువ బాధగా ఉంటుంది.

ముద్దాయి ఒక్కడికే కాదు టెన్షన్. గుర్రం ఓనరూ, సాక్షులూ ‘రాజధానికి వచ్చి సాక్ష్యం చెబుతాం, రాకపోతే ఇన్ని పౌండ్లు కడతాం’ అని పూచీకత్తు రాసివ్వాలి. దున్నే వేళ పొలం వదిలి ఎవడు పోతాడు? సాక్షులకు బత్తా ఉంది, అది పొగాకు లెక్కలో. (మన ఒంగోలు వైపు వర్జీనియా పొగాకు అంటారే, ఆ పేరు ఈ వర్జీనియాదే. ఇక్కడ జరిమానాలు, ఫీజులు, జీతాలు అన్నీ పౌండ్ల కొద్దీ పొగాకులో లెక్కకట్టేవారు.) ఈ ఇబ్బంది వల్ల స్థానికంగా తేల్చేసుకునే దారులు పుట్టాయి. దొంగసొత్తు చిన్నదైతే దాని విలువ పన్నెండు పెన్నీల లోపే అని తేల్చి చిన్న దొంగతనంగా మార్చడం ఒకటి. ముద్దాయే ముందుకొచ్చి ‘నన్ను రాజధానికి పంపొద్దు, కోర్టువారి దయ, ఇక్కడే కొరడా దెబ్బలు వేయండి’ అని వేడుకోవడం ఇంకోటి. రికార్డులో ఇలాంటి వాక్యం తగలగానే నేను ఆగి రెండోసారి చదువుతాను. అతను నిజంగా నేరం చేశాడా, నెలల తరబడి జైలుకు భయపడి వీపు అప్పగించాడా అనేది ఆ వాక్యంలో లేదు. మన కోర్టుల్లో చిన్న కేసుల్లో ‘ఒప్పేసుకో, ఫైన్ కట్టి పోదువు’ అనే మాట విన్నవాళ్లకు ఇది కొత్తగా అనిపించదు. ముప్పై తొమ్మిది దెబ్బలు, కొరడా స్తంభం దగ్గర, ఆ మధ్యాహ్నమే. మీ గుర్రానికి మాత్రం ఇది సులువు కాదు, పన్నెండు పెన్నీల గుర్రం అంటే ఎవరూ నమ్మరు.

ఇప్పుడు రెండో దారి, బానిస విషయం. 1692లో వర్జీనియా ఒక చట్టం చేసింది. బానిస మీద మరణశిక్ష పడే నేరం మోపితే రాజధానికి పంపనక్కర్లేదు, గవర్నర్ ప్రత్యేక కమిషన్ ఇస్తే కౌంటీ జస్టిస్‌లే జ్యూరీ లేకుండా విచారించి శిక్ష వేయొచ్చు. దాన్ని ఆయర్ అండ్ టెర్మినర్ కోర్టు అంటారు. 1765 నుంచి ప్రతి కేసుకూ కమిషన్ కోసం ఎదురుచూడక్కర్లేకుండా జస్టిస్‌లకు శాశ్వతంగానే ఆ అధికారం ఇచ్చేశారు. అప్పీలు లేదు. గవర్నర్ క్షమిస్తే తప్ప దిక్కు లేదు, ఆ కొండల నుంచి గవర్నర్‌కు ఎవరు వెళ్లి మొరపెట్టుకుంటారు? నల్లవాళ్ల సాక్ష్యం తెల్లవాడికి వ్యతిరేకంగా చెల్లదు, ఇంకో బానిస మీద మాత్రం చెల్లుతుంది. ఆ సాక్షిని ప్రమాణం చేయించరు, దానికి బదులు హెచ్చరిక చదువుతారు: అబద్ధం చెప్పావని తేలితే ఒక చెవి కొయ్య చట్రానికి మేకుతో కొట్టి గంటసేపు నిలబెట్టి కోసేస్తారు, తర్వాత రెండో చెవి కూడా అలాగే, ఆపైన ముప్పై తొమ్మిది దెబ్బలు.

ఇలాంటి కేసుల పేజీలు చూస్తే కంటికి కొట్టొచ్చినట్టు కనిపించేది ఒకటుంది. మొదటి వాక్యం నేరం, రెండోది ‘తాను నేరస్తుణ్ణి కాదని చెప్పెను’, మూడోది ఉరి. నాలుగోది ధర. ‘పై బానిసను ఇన్ని పౌండ్లుగా ఈ కోర్టు వెలకట్టుచున్నది’ అని, ఎందుకంటే ఉరి తీసిన బానిసకు యజమానికి ప్రభుత్వ ఖజానా నుంచి పరిహారం ఇచ్చేవారు. అదే సిరా, అదే చేతిరాత, మధ్యలో గీత కూడా ఉండదు. ఈ పరిహారం వెనక ఉద్దేశం ఏమిటంటే, ఆస్తి పోతుందని యజమాని బానిస నేరాన్ని దాచిపెట్టకుండా ఉండాలని. 1786 నాటి చట్టంతో కొంచెం మారింది, అయిదుగురు జస్టిస్‌లు కూర్చోవాలి, అందరూ ఒక్కమాట మీద ఉంటేనే శిక్ష. మీ కథ 1773 కాబట్టి ఆ కొద్దిపాటి రక్షణ కూడా మీ పాత్రకు లేదు.

లాయర్ల సంగతి: ఉండేవాళ్లు, చాలా చోట్ల ఒకరిద్దరే. వర్జీనియా అప్పటికి బ్రిటిష్ కాలనీ కాబట్టి, ఇంగ్లండ్ రాజు తరఫున వాదించడానికి డిప్యూటీ అటార్నీ ఒకడు. 1734 నుంచే వర్జీనియాలో మరణశిక్ష పడే కేసుల్లో ముద్దాయి లాయరును పెట్టుకోవచ్చు, డబ్బులుంటే. ఎగ్జామినింగ్ కోర్టులో ముద్దాయి తరఫున లాయరు పేరు నాకు కనిపించడం అరుదు.

రోజూ నడిచిన క్రిమినల్ పని ఉరులూ హత్యలూ కాదు. ఇది నవలా రచయితలకు పదే పదే చెబుతుంటాను. ఏడాదికి రెండుసార్లు, మే, నవంబరుల్లో గ్రాండ్ జ్యూరీ కూర్చుని ఊరి తప్పులన్నీ చిట్టా రాసి ఇస్తుంది: ఫలానావాడు బూతు ఒట్లు పెట్టుకున్నాడు, ఫలానావాడు ఆదివారం పని చేశాడు, తాగి పడిపోయాడు, రోడ్డు బాగుచేయించాల్సిన ఓవర్సీర్ చేయించలేదు, లైసెన్సు లేకుండా సారా అమ్మాడు, పెళ్లికాని పిల్ల బిడ్డను కన్నది. ఒక్కో ఒట్టుకు అయిదు షిల్లింగులు లేదా యాభై పౌండ్ల పొగాకు. కట్టలేకపోతే పది కొరడా దెబ్బలు. కెంటకీకి 1783లో సొంత జిల్లా కోర్టు వచ్చింది, అంతకుముందు అక్కడి పెద్ద నేరాలకు కూడా కొండలు దాటి రాజధానికే పోవాలి. హారోడ్స్‌బర్గ్‌లో కూర్చున్న మొదటి గ్రాండ్ జ్యూరీ తప్పు చేసినవాళ్లుగా పదిహేడు మంది పేర్లు ఇచ్చింది. అక్కడి ఆదివాసీ తెగ షానీలతో యుద్ధం ఇంకా ఆగలేదు, కోట గోడ దాటితే ప్రాణానికి గ్యారంటీ లేదు, అలాంటి చోట ఆ పదిహేడులో తొమ్మిది లైసెన్సు లేని సారా కొట్లు, ఎనిమిది అక్రమ సంబంధాలు. ఆ కోర్టే తర్వాత డాన్విల్ దగ్గరికి మారి, ఒక చివర కోర్టు గది, ఇంకో చివర రెండు జ్యూరీ గదులు ఉండేలా దుంగల ఇల్లు కట్టమని, జైలుకు కనీసం తొమ్మిది అంగుళాల మందం దుంగలు వాడమని ఆర్డరు వేసింది.

జైళ్లంటే గుర్తొచ్చింది. కొత్త షెరీఫ్ ప్రమాణం చేసిన రోజే లేచి ‘ఈ జైలు గట్టిగా లేదని నా అభ్యంతరం నమోదు చేయండి’ అంటాడు. కొత్తగా చదివేవాళ్లు అబ్బో ఎంత నిజాయితీపరుడో అనుకుంటారు. అసలు సంగతి వేరు, అప్పులవాడు జైలు నుంచి పారిపోతే ఆ అప్పు షెరీఫ్ నెత్తిన పడుతుంది, అందుకని ముందే చేతులు దులుపుకోవడం. ప్రతి కొత్త షెరీఫూ ఇదే చేస్తాడు, దుంగల జైలు మాత్రం అలాగే ఉంటుంది, ముద్దాయిలు కింద మట్టి తవ్వుకుని పోతూనే ఉంటారు. మీ దొంగ పారిపోవాలనుకుంటే ఇంతకన్నా నమ్మదగిన దారి ఇంకోటి లేదు.

చెవులు కోసే శిక్షలు ఉండేవి కాబట్టి ఇంకో విచిత్రమైన ఎంట్రీ ఆ సరిహద్దు పుస్తకాల్లో కనిపిస్తుంది. కొట్లాటలో ఎవడో చెవి కొరికేస్తే, కొరికించుకున్నవాడు కోర్టుకు వచ్చి ‘నా చెవి ఫలానావాడితో గొడవలో పోయింది, శిక్షగా పోలేదు’ అని రికార్డు చేయించుకుంటాడు. లేకపోతే కొత్త ఊళ్లో అతన్ని చూసినవాళ్లంతా పందుల దొంగ అనుకుంటారు మరి. వర్జీనియాలో పందుల దొంగతనం రెండోసారి చేస్తే రెండు చెవులూ మేకులు కొట్టి కోసేవారు. దక్షిణంగా నార్త్ కరోలినా వైపు, ఇప్పటి టెనెసీలోని జోన్స్‌బరో ప్రాంతంలో 1780ల్లో గుర్రం దొంగకు చెవులు కోయడం, కొరడా దెబ్బలతో పాటు ఒక చెంపకు హెచ్, ఇంకో చెంపకు టి అని వాత పెట్టేవారు, ‘హార్స్ థీఫ్’ అని. మీ కథ వర్జీనియాలోనే ఉంటే ఇది వాడకండి.

మరి చెట్టుకు వేలాడదీయడాలు, మూక తీర్పులు అసలు లేవా అంటే ఉన్నాయి, కానీ కోర్టు ఉన్నచోట కన్నా లేనిచోట ఎక్కువ. సౌత్ కరోలినా లోపలి ప్రాంతాలకు 1769 దాకా దగ్గర్లో కోర్టే లేదు, దేనికైనా చార్లెస్టన్ పోవాలి. 1767లో అక్కడి రైతులు రెగ్యులేటర్లు అని పేరు పెట్టుకుని దొంగల్ని తామే కొట్టడం, తరమడం మొదలుపెట్టారు. 1769లో జిల్లా కోర్టులకు చట్టం వచ్చాకే అది సద్దుమణిగింది. వర్జీనియా బెడ్‌ఫర్డ్ కౌంటీలో మాత్రం కథ అడ్డం తిరుగుతుంది. 1780లో ఇంగ్లండ్‌తో స్వాతంత్ర్య యుద్ధం నడుస్తుండగా ఇంగ్లండ్ రాజు పక్షంవాళ్లని అనుమానం వచ్చినవారిని పట్టి, రాజధానికి పంపకుండా, తమ సొంత విచారణలో కొరడాలతో కొట్టించినవారిలో ముఖ్యుడు చార్లెస్ లించ్, ఆ కౌంటీ కోర్టులో స్వయానా జస్టిస్. 1782లో శాసనసభ వాళ్ల మీద కేసులు నడవకుండా చట్టం చేసి కాపాడింది. మీకు ఆ మూక సీన్ వదులుకోవాలని లేకపోతే, కథను ఏడేళ్లు ముందుకు జరిపి బెడ్‌ఫర్డ్‌కు తీసుకురండి, కనీసం చరిత్రలో కొంత ఆధారం ఉంటుంది. అక్కడ కూడా ఎక్కువగా కొరడాలే.

సినిమాల్లో చూసే ఫోర్ట్ స్మిత్ లాంటి ఉరికొయ్యల కోర్టు దీనికి వందేళ్ల తర్వాతిది, అది ఫెడరల్ కోర్టు, కౌంటీది కాదు. దాన్ని పక్కన పెట్టేయండి.

ఇంకొక్కటి, ఇది చిన్నదే కానీ తెలిసినవాడు చదివితే మొదటి పేజీలోనే పట్టేస్తాడు. మీరు కౌంటీ పేరు ఆగస్టా అని పెట్టి, ఇల్లు హోల్‌స్టన్ నది ఒడ్డున పెట్టారు. 1773లో ఆ ఒడ్డు ఆగస్టా కాదు. 1770లో ఆగస్టా నుంచి బోటెటోర్ట్ విడిపోయింది, 1772లో దాన్నుంచి ఫిన్‌కాజిల్, 1776 చివర్లో ఫిన్‌కాజిల్‌నే రద్దు చేసి మూడు ముక్కలు చేశారు, అందులో ఒకటి కెంటకీ. కాబట్టి మీ దొంగ నిలబడాల్సింది ఫిన్‌కాజిల్ కోర్టులో, అది కూర్చునేది న్యూ రివర్ ఒడ్డున సీసపు గనుల దగ్గర. ఆ కౌంటీ ఇప్పుడు లేదు గానీ పుస్తకాలు ఉన్నాయి, క్రిస్టియన్స్‌బర్గ్‌లో మాంట్‌గోమరీ కౌంటీ గుమాస్తా దగ్గర. 1773 సంవత్సరం ఆర్డర్ బుక్ ఒకసారి మొదటి నుంచి చివరిదాకా చదవండి, మీ జస్టిస్‌లకు పేర్లు వెతుక్కోవాల్సిన పని కూడా ఉండదు.